అంత తహతహ చేతికందగానే ఎందుకు చల్లారుతుంది?

కొత్తచిగురు:
అందరికీ నమస్కారం. ఒక ప్రశ్న నన్ను చాలాకాలంగా తొలిచేస్తోంది. మనస్తత్వశాస్త్రం చదువుకున్నవాళ్ళు ఇక్కడ ఉన్నారని అడుగుతున్నాను.

ఏళ్ళ తరబడి కోరుకున్నది దొరికితే నాలుగు రోజులు గాల్లో తేలినట్టు ఉంటుంది. ఆ తర్వాత మామూలే. ఉద్యోగమైనా, ఇల్లయినా, పేరయినా అంతే. మోజు తీరిందని సరిపెట్టుకుంటాం. నాకు అసలు అంతుపట్టనిది దీనికి తిరగేసిన సంగతి. రాత్రి పడుకునే ముందు ఫోన్ పట్టుకుని వేలితో పైకి తోస్తూ ఉంటాం. ఒక వీడియో, ఇంకొకటి, మరొకటి. నచ్చుతున్నాయా అంటే లేదు. కళ్ళు మండుతుంటాయి, ఇక పెట్టేద్దాం అనిపిస్తుంది, అయినా బొటనవేలు ఆగదు.

మనిషి ఏం చేసినా సుఖం కోసమే చేస్తాడంటారు కదా. సుఖమే లేని పని మీదకు మనసు ఇంతగా ఎందుకు లాగుతుంది?

పాతపుస్తకం:
బాబూ, ఇది ఇవాళ్టి ప్రశ్న కాదు. యయాతి తన ముసలితనం కొడుక్కిచ్చి, కొడుకు యౌవనం తాను పుచ్చుకుని వెయ్యేళ్ళు భోగాలు అనుభవించాడు. చివరికి ఆయన తేల్చింది ఏమిటి? అనుభవిస్తే కోరిక చల్లారదు, నెయ్యి పోసిన నిప్పులా ఇంకా పైకి లేస్తుందని.

క్రీ.పూ. 341లో పుట్టిన గ్రీకు తాత్వికుడు ఎపిక్యురస్‌ను అందరూ భోగలాలసుడని అనుకుంటారు. ఆయన చెప్పింది దానికి పూర్తిగా విరుద్ధం. ఒంటికి నొప్పి లేకపోవడం, మనసుకు కలత లేకపోవడం, ఇంతకు మించిన సుఖం లేదన్నాడు. కోరికలను కూడా విడదీశాడు. సహజమైనవీ అవసరమైనవీ కొన్ని, సహజమే గానీ అవసరం లేనివి కొన్ని, రెండూ కానివి కొన్ని. కీర్తి, అధికారం లాంటివి ఆ మూడో గుంపులోకి వస్తాయి, వాటికి హద్దు ఉండదు. నా మటుకు నాకు ఇంతకన్నా పెద్ద మనస్తత్వశాస్త్రం అక్కర్లేదనిపిస్తుంది.

కొత్తచిగురు:
పెద్దాయనా, యయాతికి కనీసం అనుభవిస్తున్నప్పుడు బాగుండే ఉంటుంది. నేను అడుగుతున్నది అనుభవం కూడా బాగోని కోరిక గురించి.

మానసవీణ:
కొత్తచిగురు గారూ, మీరు సరిగ్గా ముడి ఉన్నచోటే వేలు పెట్టారు. నేను కాలేజీలో ఈ సబ్జెక్టే చెబుతాను, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

1954లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనే ఇద్దరు ఎలుకల మెదడులోకి సన్నటి ఎలక్ట్రోడ్‌లు దింపారు. ఎలుక మీట నొక్కితే మెదడులోని ఆ చోటికి కాస్త కరెంటు పోతుంది. ఎలుకలు ఆ మీటను ఇక వదల్లేదు. తర్వాతి ప్రయోగాల్లో కొన్ని ఎలుకలు గంటకు వేలసార్లు నొక్కాయి. పక్కన తిండి ఉన్నా ముట్టకుండా నొక్కుతూ ఉండిపోయినవీ ఉన్నాయి. మెదడులో సుఖకేంద్రం దొరికిందని శాస్త్రలోకం సంబరపడింది. ఆ దారుల్లో ముఖ్యంగా పనిచేసేది డోపమైన్ అని తేలాక, దానికి ఆనంద రసాయనం అన్న పేరు స్థిరపడిపోయింది. పత్రికల్లో ఇప్పటికీ అలాగే రాస్తున్నారు.

ఆ పేరు తప్పు. ఎంత తప్పో చూపించినవాడు మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన కెంట్ బెరిడ్జ్. ఆయన, ఆయన తోటివాళ్ళు ఎలుకల మెదడులో డోపమైన్ దాదాపు పూర్తిగా పోయేలా చేశారు. ఆ ఎలుకలు తిండి దగ్గరకు పోవడం మానేశాయి. ముందు పెట్టినా ముట్టవు. గొట్టంతో కడుపులోకి పంపితే తప్ప బతకవు. డోపమైనే ఆనందమైతే వాటికి తీపి రుచి కూడా పోవాలి కదా? నోట్లో తీపినీళ్ళు పోస్తే మాత్రం మామూలు ఎలుకలు ఎంత ఇష్టంగా చప్పరిస్తాయో ఇవీ అంత ఇష్టంగానే చప్పరించాయి. 1989లో ప్రచురించిన ఫలితం ఇది.

అంటే ఆ ఎలుకలకు రుచి ఉంది, కావాలనిపించడం లేదు. కావాలనిపించడాన్నీ, బాగుండడాన్నీ మెదడు రెండు వేర్వేరు ఏర్పాట్లతో నడుపుతోందన్నమాట. మామూలుగా రెండూ కలిసే నడుస్తాయి కాబట్టి మనకు ఒకటే అనిపిస్తుంది. విడిపోయినప్పుడే తేడా బయటపడుతుంది. మీ బొటనవేలు దగ్గర బయటపడుతున్నది అదే.

ప్రశ్నార్థకం:
ఎలుకకు ఇష్టమైందో లేదో ఎవరు చెప్పారు మేడమ్? అది నోరు తెరిచి చెప్పదు కదా. ఇలాంటి ప్రయోగాల మీద నాకు మొదటి నుంచీ ఉన్న అనుమానం ఇదే. ఎలుక మూతి చూసి మనిషి మనసు చదివేస్తున్నారు.

మానసవీణ:
అడగాల్సిన ప్రశ్నే అడిగారు. అప్పుడే పుట్టిన పసిబిడ్డ కూడా నోరు తెరిచి చెప్పదు. నాలుక మీద తీపి చుక్క వేస్తే పెదాలు చప్పరిస్తుంది, నాలుక లయగా బయటికి చాపుతుంది. చేదు చుక్క వేస్తే నోరు వెళ్ళబెట్టి తల విదిలిస్తుంది. కోతుల్లోనూ ఎలుకల్లోనూ ఇదే తీరు. ఈ ముఖకవళికలను వీడియో తీసి, ఒక్కో ఫ్రేమ్ ఆపి లెక్కపెడతారు.

ఇది కేవలం నాలుకకు తగిలే రసాయనానికి వచ్చే స్పందన కాదనడానికి ఆధారాలున్నాయి. ఆకలి మీద ఉన్నప్పుడు అదే తీపికి ఈ స్పందనలు పెరుగుతాయి, కడుపు నిండాక తగ్గుతాయి. తీపి తాగాక ఒంట్లో బాగోకుండా చేస్తే మరోసారి అదే తీపికి చేదు మొహం పెడతాయి. మనకు మొహం మొత్తినప్పుడు ఏం జరుగుతుందో అదే. నిజమైన రుచికి సంబంధించిన చోట్లు కూడా దొరికాయి. ఎలుకలో ఒక్కోటి సుమారు ఒక ఘనపు మిల్లీమీటరు ఉండే చిన్నచిన్న మచ్చలు అవి. అక్కడ పనిచేసేవి మెదడు తనంతట తాను తయారుచేసుకునే నల్లమందు లాంటి ఓపియాయిడ్‌లు, గంజాయిని పోలిన మరికొన్ని రసాయనాలు. డోపమైన్ కాదు. కావాలనిపించే ఏర్పాటు మెదడులో చాలా విశాలంగా, గట్టిగా ఉంటుంది. బాగుండే ఏర్పాటు చిన్నది, తేలిగ్గా చెదిరిపోయేది. ఈ ఒక్క సంగతి తెలిశాక మనుషుల జీవితాల్లో చాలా విషయాలు నాకు అర్థమయ్యాయి.

మనుషుల్లో రుజువేమిటని అడుగుతారని తెలుసు. పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బుకు వాడే మందుల సంగతి ఎవరైనా డాక్టర్లు చెబితే బాగుంటుంది.

సాయంసంధ్య:
నేను డాక్టర్ని కాదు. ఆ జబ్బు ఉన్న మనిషి కూతుర్ని. ఈ చర్చ చదువుతుంటే చేతులు వణికాయి, అందుకే రాస్తున్నాను.

మా నాన్న జీవితమంతా పొదుపు మనిషి. రబ్బరు బ్యాండు తెగితే ముడేసి వాడేవాడు. పార్కిన్సన్స్ వచ్చాక మందు మొదలుపెట్టారు, చేతి వణుకు బాగా తగ్గింది, నడక కుదురుకుంది. మేమంతా సంతోషపడ్డాం. కొన్ని నెలలకు ఇంటికి పార్సిళ్ళు రావడం మొదలైంది. మొదట ఏదో అవసరానికి తెప్పించుకున్నాడనుకున్నాం. తర్వాత ఆయన గదిలో మంచం కింద, బీరువా వెనక, తలుపు మూల, ఎక్కడ చూసినా అట్టపెట్టెలే. మూడొంతులు విప్పనే లేదు. పైన అంటించిన టేపు కూడా తీయలేదు. ఒకే రకం టార్చిలైట్లు, ఒకే రకం స్క్రూడ్రైవర్ సెట్లు. "ఎందుకు నాన్నా ఇన్ని?" అంటే తల దించుకునేవాడు. "తెలీదమ్మా. చూస్తే కొనాలి అనిపిస్తుంది. కొనేదాకా ఊపిరాడదు. వచ్చాక దాని మొహం చూడబుద్ధి కాదు" అన్నాడు.

ఆయన అబద్ధం చెబుతున్నాడనీ, ముసలితనంలో బుద్ధి మారిందనీ అన్నయ్య గొడవపడ్డాడు. కార్డు లాగేసుకున్నాడు. ఆ మందు వల్ల ఇలా కావచ్చని మాకెవరూ ముందు చెప్పలేదు. అప్పటి డాక్టర్ గారికి చెప్పుకుంటే వయసు మీద పడితే అంతే అన్నారు. వేరే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఈమధ్య ఏమైనా కొత్త అలవాట్లు వచ్చాయా? కొనడం, జూదం, అతిగా తినడం లాంటివి?" అని. నాన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మానసవీణ గారు ఎలుకల గురించి రాసింది మా ఇంట్లో నేను కళ్ళారా చూశాను. విప్పని పెట్టెల గదిలో.

నీలిమేఘం:
అమ్మా, మీరు రాసినందుకు ధన్యవాదాలు. మెదడు జబ్బుల విభాగంలో పనిచేస్తాను కాబట్టి వివరం చెబుతాను, ఇది చదివే వేరేవాళ్ళకూ పనికొస్తుంది.

పార్కిన్సన్స్‌లో డోపమైన్ తయారుచేసే కణాలు చచ్చిపోతూ వస్తాయి. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు డోపమైన్‌లాగే నటించి, మెదడు కణాల మీద దాన్ని అందుకునే గ్రాహకాలను తడతాయి. కదలికలకు సంబంధించిన చోట అది మేలు చేస్తుంది. అదే మందు కోరికకు సంబంధించిన చోట్లను కూడా తడుతుంది. అమెరికా, కెనడాల్లో 3,090 మంది రోగుల మీద చేసి 2010లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, ఈ తరహా మందులు వాడేవాళ్ళలో సుమారు 17 శాతం మందికి అదుపులేని జూదం, కొనుగోళ్ళు, తిండి, లైంగిక వాంఛ, వీటిలో ఏదో ఒకటి కనిపించింది. అవి వాడనివాళ్ళలో అది 7 శాతం లోపే. మందు తగ్గిస్తే చాలామందిలో ఇది తగ్గిపోతుంది.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఇది చదివి ఎవరూ ఇంట్లోవాళ్ళ మందు ఉన్నపళాన ఆపేయకండి. ఒక్కసారిగా ఆపితే తీవ్రమైన ఆందోళన, దిగులు, ఒళ్ళునొప్పులు పట్టుకుంటాయి. డాక్టర్‌తో చెప్పి మెల్లగా తగ్గించుకోవాలి. చెప్పడానికి సిగ్గుపడి దాచుకునేవాళ్ళే ఎక్కువ. అందుకే ఇంటివాళ్ళు అడగాలి, నిందించకుండా అడగాలి.

సాయంసంధ్య:
ఇప్పుడు మందు మార్చారండీ. పార్సిళ్ళు ఆగాయి. అన్నయ్యతో మాత్రం మాటలు ఇంకా సరిగా కలవలేదు.

ప్రశ్నార్థకం:
సాయంసంధ్య గారూ, మీ నాన్నగారి మాట ముందు నా అనుమానం నిలబడదు. ఇంకో ప్రశ్న అడుగుతాను. పార్కిన్సన్స్ మందు వేసుకోని మాలాంటివాళ్ళకు కావాలనిపించడం, బాగుండడం ఈ రెండూ ఎందుకు విడిపోతాయి? ఫోన్‌లో మందేమీ లేదు కదా.

నడిరాత్రి చదువరి:
దీనికి నేను చెబుతాను. యాప్‌లు తయారుచేసే పనిలో కొన్నేళ్ళున్నాను, ఇప్పుడు ఆ పనిలో లేను.

వోల్ఫ్రమ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో డోపమైన్ కణాలను ఒక్కొక్కటిగా కనిపెట్టి చూశాడు. కోతికి అనుకోకుండా ఒక చుక్క పళ్ళరసం నోట్లో పడితే కణాలు ఒక్కసారిగా చెలరేగాయి. రసానికి ముందు ప్రతిసారీ ఒక దీపమో శబ్దమో పెడుతూ పోతే, కొన్నాళ్ళకు కణాలు రసానికి స్పందించడం మానేశాయి. దీపానికి స్పందించడం మొదలుపెట్టాయి. దీపం వెలిగి రసం రాకపోతే, సరిగ్గా రావాల్సిన క్షణంలో మామూలు కన్నా కిందికి పడిపోయాయి. 1997లో ఇంకో ఇద్దరితో కలిసి ఆయన రాసిన వ్యాసం చాలా పేరు పొందింది. ఆ కణాలు చెబుతున్నది అనుకున్నదానికీ వచ్చినదానికీ ఉన్న తేడా.

కొత్తచిగురు అడిగిన మొదటి ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది. ఏళ్ళ తరబడి ఊహించుకున్నది ఊహించినట్టే వస్తే, కొత్తగా చెలరేగడానికి అక్కడ ఏమీ మిగలదు. సంబరమంతా కబురు తెలిసిన రోజే అయిపోయి ఉంటుంది.

ఇక ఫోన్. స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త పావురాల దగ్గరే తేల్చాడు, బహుమతి ఎన్ని పోట్లకు వస్తుందో తెలియకుండా ఉంటే పావురం ఆగకుండా పొడుస్తూనే ఉంటుందని. జూదం యంత్రం నడిచేది దీని మీదే. మీ వీడియోల వరస కూడా అంతే. పది చప్పవి, ఒకటి బాగుండేది, అదెప్పుడొస్తుందో తెలీదు. బాగుండేది ప్రతిసారీ వస్తే మీరు కాసేపటికి తృప్తిపడి పెట్టేసేవారు. ఈ సంగతి తెలిసే అలా పేరుస్తారు. ఆ గదుల్లో కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను, అక్కడ ఎవరూ "చూసేవాడికి బాగుందా" అని కొలవరు. ఎంతసేపు ఉన్నాడు, మళ్ళీ ఎప్పుడొచ్చాడు, అదే కొలుస్తారు. మనిషి లాగుడును కొలిచి దానికే మెరుగులు దిద్దితే చివరికి ఏమవుతుందో మీ బొటనవేలే చెబుతోంది. నాకు దీని మీద కోపం ఉంది, దాచుకోను.

మానసవీణ:
దీనికి ఒక మాట కలుపుతాను. 1993లో బెరిడ్జ్, టెరీ రాబిన్సన్ కలిసి వ్యసనానికి కొత్త వివరణ ఇచ్చారు. మత్తుమందు పదేపదే వాడితే కావాలనిపించే ఏర్పాటు రానురాను సున్నితమైపోతుంది, చిన్న గుర్తుకే భగ్గుమంటుంది. బాగుండడం మాత్రం పెరగదు, తగ్గినా తగ్గుతుంది. సిగరెట్ మానేసి ఏళ్ళయినవాడికి కూడా లైటర్ చప్పుడు వినబడగానే యావ పుట్టుకొస్తుంది. "అంత సుఖమేముంది అందులో?" అని అతన్ని అడగడం వల్ల ఉపయోగం లేదు. సుఖం లేదని అతనికీ తెలుసు.

ప్రశ్నార్థకం:
అయితే ఈమధ్య అందరూ చెప్పే డోపమైన్ డిటాక్స్ మంచిదే అన్నమాట? ఒక రోజంతా ఫోన్, పాటలు, కబుర్లు అన్నీ మానేసి గోడ చూస్తూ కూర్చుంటే డోపమైన్ శుభ్రమవుతుందట.

నీలిమేఘం:
డోపమైన్ మురికి కాదు శుభ్రం చేయడానికి. అది లేకపోతే మంచం మీంచి లేవలేం, పైన చెప్పిన ఎలుకల్లాగా. ఫోన్ లేకుండా ఒక రోజు గడపడం మంచిదే, గుర్తులకు దూరంగా ఉంటే అలవాటు బలం తగ్గుతుంది. స్నేహితులతో మాటలు, పాటలు మానేయడం వల్ల ఒరిగేది ఏమీ లేదు.

పాతపుస్తకం:
లాటరీ గెలిచినవాళ్ళ మీద ఒక పరిశోధన ఉందని విన్నాను. గెలిచినవాళ్ళూ, ప్రమాదంలో కాళ్ళు చేతులు పడిపోయినవాళ్ళూ ఏడాది తిరిగేసరికి ఒకే స్థాయి సంతోషంలో ఉంటారట. అదే నిజమైతే సుఖం వెంట పడడమూ దండగే, దుఃఖానికి భయపడడమూ దండగే.

మానసవీణ:
పాతపుస్తకం గారూ, ఆ పరిశోధన నిజమే గానీ, ఊళ్ళో తిరిగే కథ వేరు. 1978లో ఫిలిప్ బ్రిక్‌మన్, మరో ఇద్దరు చేశారు. గెలిచినవాళ్ళు 22 మంది, మామూలువాళ్ళు 22 మంది, ప్రమాదంలో పక్షవాతం వచ్చినవాళ్ళు 29 మంది. ఇంత చిన్న గుంపు మీద అంత పెద్ద తీర్పు నిలవదు. పైగా ప్రమాదం జరిగినవాళ్ళు మామూలువాళ్ళ కన్నా తక్కువ సంతోషంగా ఉన్నారని ఆ వ్యాసంలోనే ఉంది. తర్వాత వేలమందిని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనాల్లోనూ తేలింది ఇదే. తీవ్రమైన వైకల్యం, ఉద్యోగం పోవడం, జీవిత భాగస్వామి చనిపోవడం, ఇవి చాలాకాలం బాధిస్తాయి, కొందరిలో పూర్తిగా మానవు. దయచేసి బాధలో ఉన్నవాళ్ళతో "ఏడాదిలో సర్దుకుంటుంది, సైన్సు చెప్పింది" అనకండి.

లాటరీవాళ్ళ విషయంలో నాకు నచ్చిన వివరం వేరే ఉంది. స్నేహితుడితో మాట్లాడడం, జోకు వినడం, పత్రిక చదవడం లాంటి చిన్నచిన్న పనులు ఎంత హాయిగా ఉన్నాయని అడిగితే, గెలిచినవాళ్ళు మామూలువాళ్ళ కన్నా తక్కువ మార్కులేశారు.

పాతపుస్తకం:
ఆ చివరి వివరం మాత్రం మనసులో పడిపోయిందమ్మా.

వెన్నెలబాట:
ఎదురుచూడడం గురించి ఎవరూ మాట్లాడరేం? చర్చంతా కోరికను దోషిని చేసేస్తోంది. ఎదురుచూపులో హాయి లేదా? జార్జ్ లోవెన్‌స్టీన్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1987లో జనాన్ని అడిగాడు, మీకు నచ్చిన సినిమా తారతో ఒక ముద్దు దొరకడానికి ఎంత ఇస్తారని. ఇప్పటికిప్పుడు దొరికేదానికన్నా మూడు రోజుల తర్వాత దొరికేదానికి ఎక్కువ ఇస్తామన్నారు. ఆ మూడు రోజుల ఊహ కూడా వాళ్ళకు కావాలి.

సంగీతం కూడా చూడండి. 2011లో మాంట్రియల్‌లో, తమకు బాగా ఇష్టమైన సంగీతం వింటూ ఒళ్ళు పులకరించేవాళ్ళ మెదళ్ళను స్కాన్ చేశారు. పులకరింతకు ముందు క్షణాల్లో ఒకచోట, పులకరింత వచ్చినప్పుడు మరోచోట డోపమైన్ విడుదలైంది. నేను వయొలిన్ నేర్పుతాను. పిల్లలకు ఎప్పుడూ చెప్పేది ఇదే, స్వరం మీదకు వెంటనే దూకొద్దు, దాని దగ్గరదాకా వెళ్ళి కాస్త ఆగు అని. వినేవాడు ఆ ఆగినచోట ఊపిరి బిగబడతాడు. అందులో అతనికి కావాలనిపించడమూ ఉంది, హాయీ ఉంది. రెండూ వేరు కావచ్చు, కలిసినప్పుడు మాత్రం దానికి సాటి లేదు.

నడిరాత్రి చదువరి:
వెన్నెలబాట గారూ, చాలా బాగా చెప్పారు. తేడా ఎక్కడంటే, మీ పాటకు ముగింపు ఉంది. వీడియోల వరసకు లేదు.

తోడునీడ:
ఒక సున్నితమైన విషయం అడుగుతాను, ఏమీ అనుకోకండి. పెళ్ళయి చాలా ఏళ్ళయింది. ఆయనంటే ప్రేమ తగ్గలేదు. దగ్గరైతే బాగానే ఉంటుంది. నా అంతట నాకు కోరిక పుట్టడం మాత్రం దాదాపు లేదు. నాలో ఏదో లోపం ఉందేమో అని టెన్షన్‌గా ఉంది. ఈ చర్చ చూశాక అడగాలనిపించింది.

నీలిమేఘం:
తోడునీడ గారూ, మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే లోపం అనిపించడం లేదు. కెనడాకు చెందిన డాక్టర్ రోజ్‌మేరీ బాసన్ 2000లో ఈ విషయం మీదే రాశారు. కోరిక ముందు పుట్టి, తర్వాత దగ్గరవడం అన్న క్రమం అందరికీ వర్తించదు. ముఖ్యంగా ఎన్నో ఏళ్ళుగా కలిసి ఉన్నవాళ్ళలో, దగ్గరితనం మొదలయ్యాక కోరిక మేలుకోవడం చాలా మామూలు. మీకు ఇష్టం లేనప్పుడు కూడా ఒప్పుకోవాలని దీని అర్థం కాదు, అది ఎప్పటికీ మీ నిర్ణయమే. మందులు, థైరాయిడ్, దిగులు, నిద్రలేమి వల్ల కూడా కోరిక తగ్గొచ్చు. ఈమధ్యే మార్పు వచ్చినా, మీకు అది బాధగా ఉన్నా ఒకసారి డాక్టర్‌ను కలవండి.

మానసవీణ:
ఆర్థర్ ఆరన్ బృందం 2000లో ప్రచురించిన ఒక ప్రయోగం గుర్తొచ్చింది. దంపతుల్లో ఒకరి చేతినీ కాలినీ మరొకరి చేతికీ కాలికీ కలిపి కట్టి, పరుపుల మీద పాక్కుంటూ, చేతులు వాడకుండా ఒక దిండును అవతలికి చేర్చమన్నారు. ఏడు నిమిషాల ఆట. పడుతూ లేస్తూ నవ్వుతూ చేశారు. మరికొందరు దంపతులకు మామూలు చప్పటి పని ఇచ్చారు. ఆట ఆడినవాళ్ళు తర్వాత తమ బంధం గురించి ఎక్కువ తృప్తి చెప్పారు. తెలిసిన మనిషితో తెలియని పని చేయడంలో ఏదో ఉంది.

తోడునీడ:
ఇద్దరికీ చాలా థాంక్స్. మనసు తేలికపడింది.

కొత్తచిగురు:
ఇంత జరుగుతుందని అనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. ఇక నా అసలు కష్టం. కారణం తెలిసినంత మాత్రాన వేలు ఆగదు కదా. నిగ్రహం పెంచుకోవాలంటారా?

మానసవీణ:
నిగ్రహం మీద జర్మనీలో చక్కటి పరిశోధన జరిగింది. విల్‌హెల్మ్ హాఫ్‌మన్ బృందం 205 మందికి చిన్న పరికరాలిచ్చింది. అవి రోజులో అప్పుడప్పుడు మోగుతాయి. మోగినప్పుడు ఏదైనా కోరిక ఉందా, దాన్ని అణచుకుంటున్నారా అని రాయాలి. అలా 7,827 కోరికల లెక్క వచ్చింది. 2012లో ప్రచురించారు. నిగ్రహం ఎక్కువని పేరున్నవాళ్ళు కోరికలతో ఎక్కువ పోరాడతారని అనుకుంటాం. వాళ్ళు పోరాడింది తక్కువ. ఆ పరిస్థితే రాకుండా తమ రోజును ముందే అమర్చుకుంటున్నారని దీన్నిబట్టి అర్థం చేసుకుంటున్నారు.

కాబట్టి ఫోన్‌ను వేరే గదిలో చార్జింగ్‌కు పెట్టండి. పక్క మీద ఉన్న ఫోన్‌తో అర్ధరాత్రి పోరాడి గెలవాలనుకోవద్దు. అలసిపోయిన మనిషికి ఆ పోరాటం న్యాయమైంది కాదు.

లాగుడు వచ్చేసినప్పుడు చేయగలిగేది ఒకటుంది. వ్యసనాల చికిత్సలో అలన్ మార్లట్ నేర్పేవాడు. దాన్ని అణచొద్దు, దానికి లొంగొద్దు, ఒంట్లో ఎక్కడ ఉందో గమనించమనేవాడు. గొంతులోనా, ఛాతీలోనా, వేళ్ళలోనా. అది పెరుగుతుంది, ఒకచోట ఆగుతుంది, దిగిపోతుంది. ఎప్పటికీ పెరుగుతూనే పోతుందని భయపడి మనం లొంగిపోతాం.

వెన్నెలబాట:
నేను నా శిష్యులతో ఒక అలవాటు చేయిస్తాను. ఏదైనా చేసే ముందు ఎంత కావాలనిపిస్తోందో పదికి మార్కులు, అయిపోయాక ఎంత బాగుందో పదికి మార్కులు. సాధనకు ముందు మూడు వేసినవాళ్ళు తర్వాత ఎనిమిది వేస్తుంటారు. ఫోన్‌కు ముందు తొమ్మిది వేసి తర్వాత రెండు వేస్తారు. ఏం చేయాలో నేను చెప్పను. కాగితం వాళ్ళ ముందే ఉంటుంది.

చినుకు:
నేను ఎప్పుడూ చదివి వెళ్ళిపోతాను, మొదటిసారి రాస్తున్నాను. మీ అందరి సమస్య కోరిక ఎక్కువ కావడం. నాకు ఏదీ కావాలనిపించదు. బొమ్మలు వేసేదాన్ని. రంగుల డబ్బా మూత ఎప్పుడు తీశానో గుర్తులేదు. ఇంట్లోవాళ్ళు బద్ధకం అంటారు. నాకూ అదేనేమో అనిపిస్తుంది.

మానసవీణ:
చినుకూ, రాసినందుకు చాలా సంతోషం తల్లీ. బద్ధకం అన్న మాట ముందు పక్కన పెట్టు. డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళ మీద చేసిన పరిశోధనల్లో తరచూ కనిపించేది ఏమిటంటే, తీపి నోట్లో వేస్తే మిగతావాళ్ళలాగే బాగుందంటారు. దానికోసం కదలడానికి మాత్రం మనసు రాదు. చాలామందిలో ముందు ఆగేది లాగుడు, రుచి కాదు. లోపల రుచి ఉండే ఉంటుంది, దాని దగ్గరికి తీసుకెళ్ళేదే పడుకుండిపోయింది.

అందుకే మనసు వచ్చాక వేద్దామని ఎదురుచూస్తే అది రాకపోవచ్చు. పనిని ముందు పెట్టి, మనసును వెనక రానిచ్చే చికిత్స ఒకటుంది, బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. ఇంగ్లండ్‌లో 440 మంది మీద చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, అంతకన్నా ఖరీదైన, ఎక్కువ శిక్షణ కావాల్సిన చికిత్సకు ఇది తీసిపోలేదు. చాలా చిన్న పనితో మొదలుపెడతారు.

నీలిమేఘం:
చినుకు గారూ, నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయి? ఇది ఎన్ని వారాల నుంచి? బతకాలని లేదు అన్న ఆలోచనలు వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఇవాళే ఇంట్లో ఒకరికి చెప్పి డాక్టర్‌ను కలవండి. లేకపోయినా ఈ వారంలో ఒకసారి కలవడం మంచిది. బద్ధకానికి మందు లేదు గానీ దీనికి ఉంది.

చినుకు:
అలాంటి ఆలోచనలు లేవండి. నిద్రే సరిగా లేదు. అక్కకు చెప్పాను, డాక్టర్ దగ్గరికి తనూ వస్తానంది. బొమ్మ వేయాలా మానసవీణ గారూ?

మానసవీణ:
బొమ్మ వద్దు. రేపు డబ్బా మూత తీసి, ఏ రంగు ఎండిపోయిందో చూసి ఇక్కడ రాయి. అంతే.

వెన్నెలబాట:
ఎండినవి చెబితే ఏవి మళ్ళీ తడుపుకోవచ్చో నేను చెబుతాను, మా ఇంట్లో కూడా రంగులు వేసేవాళ్ళున్నారు.

చినుకు:
సరే. నీలం కచ్చితంగా ఎండిపోయి ఉంటుంది, మిగతావి చూసి చెబుతాను.